గట్టు కింది నుంచి కూలుతుంది

విశాఖపట్నంలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో కొంత రైవాడ జలాశయానిది, కొంత తాటిపూడిది. రైవాడ శారదా నది మీద ఉంది, తాటిపూడి గోస్తని మీద. రెండు నదులూ తూర్పు కనుమల్లో అనంతగిరి కొండల వైపు పుట్టినవే. గోస్తని బొర్రా గుహల గుండా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద అనకాపల్లి మీదుగా చెరుకు తోటల మధ్య నుంచి సాగి రాంబిల్లి వైపు సముద్రం చేరుతుంది. మనకు ఇంత దగ్గరి నదులే అయినా నగరంలో వాటి ఊసు తక్కువ. నది అనగానే మన మాట గోదావరి దగ్గరికో, కృష్ణ దగ్గరికో వెళ్లిపోతుంది.

శారద వెంట ఉన్న ఊళ్లలో మాత్రం వానాకాలం వచ్చిందంటే టెన్షనే. మలుపు దగ్గర గట్టు కోసుకుపోయి పొలం ఏట్లో కలుస్తుంది. ఊరివాళ్లు అర్జీలు పెడతారు. నిధులు వస్తే గట్టు వాలుకు రాయి పేరుస్తారు. మళ్లీ ఒక పెద్ద వరద వస్తే ఆ రాయి వరుసలు కిందికి జారి నదిలో పడతాయి. పని సరిగా చేయలేదని అందరం అనుకుంటాం. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కానీ నిక్కచ్చిగా పేర్చిన రాయి కూడా అలాగే జారిపోతుంది. నది గట్టును కోసేది మనకు కనిపించే వాలు దగ్గర కాదు. నీళ్ల కింద, వాలు అడుగు నదిని తాకే చోట కోస్తుంది. ఇంజినీర్లు దాన్ని ‘టో’ అంటారు. తెలుగులో గట్టు పాదం అనుకుందాం. పాదాన్ని కాపాడకుండా పైన ఎంత ఖర్చు పెట్టినా నిలవదు. నదుల నియంత్రణలో వాడే పద్ధతులన్నీ ఈ ఒక్క విషయం పట్టుకుంటే అర్థమవుతాయి.

మలుపులో ఏం జరుగుతుంది

నది మలుపు తిరిగేటప్పుడు పైన ఉన్న నీరు వేగంగా ఉంటుంది, అడుగు నీరు నేలను రాసుకుంటూ నెమ్మదిగా ఉంటుంది. వేగంగా ఉన్న పై నీరు మలుపు వెలుపలి గట్టు వైపు తోసుకుపోతుంది. అక్కడ నీటిమట్టం కాస్త పెరుగుతుంది. ఆ ఒత్తిడికి అడుగున నెమ్మదిగా ఉన్న నీరు లోపలి గట్టు వైపు తిరిగి వస్తుంది. అంటే నీరు ముందుకు పోతూనే మెలి తిరుగుతుంది. వెలుపలి గట్టు దగ్గర పై నుంచి కిందికి దిగి, పాదాన్ని గీరి, ఆ మట్టినీ ఇసుకనూ అడుగు వెంట లోపలి గట్టు వైపు మోసుకెళ్లి మేట వేస్తుంది. గ్లాసులో టీ ఆకులు వేసి చెంచాతో తిప్పితే ఆకులు అంచులకు పోకుండా మధ్యలో అడుగున పోగవుతాయి. అక్కడ జరిగేదీ ఇదే. 1926లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ టీ ఆకుల ఈ కదలికను వివరిస్తూ, దాని ద్వారానే నదులు ఎందుకు మెలికలు తిరుగుతాయో చెప్పాడు.

అందుకే ఏ నది మలుపు చూసినా ఒకవైపు నిట్టనిలువు గట్టు, ఎదురుగా వాలుగా పరుచుకున్న ఇసుక మేట ఉంటాయి. అటువైపు రైతుకు భూమి పెరుగుతుంది, ఇటువైపు రైతుకు తరుగుతుంది. గొడవలు కూడా అక్కడే మొదలవుతాయి.

పాదం కోసుకుపోయాక గట్టు పై భాగం గాలిలో వేలాడినట్టు మిగులుతుంది. పగుళ్లు వచ్చి, పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. ఊళ్లలో చాలామంది గమనించే విషయం ఒకటుంది: వరద ఉధృతంగా ఉన్నప్పుడు నిలబడ్డ గట్టు, వరద తీసిన మర్నాడు కూలుతుంది. దానికీ స్పష్టమైన కారణం ఉంది. వరదలో నానిన గట్టు మట్టి నిండా నీరు పట్టి ఉంటుంది. నది నిండుగా ఉన్నంతసేపు ఆ నీరే గట్టుకు బయటి నుంచి ఊతం ఇస్తుంది. వరద వేగంగా తగ్గితే ఊతం పోతుంది, లోపలి నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాలేదు. బరువెక్కిన మట్టి, లోపలి నీటి ఒత్తిడి కలిసి గట్టును నదిలోకి తోసేస్తాయి. కొండల నుంచి దిగే మన నదుల్లో వరద గంటల్లో వచ్చి గంటల్లో తీసేస్తుంది కాబట్టి ఈ ప్రమాదం మనకు ఎక్కువ. వరద తగ్గింది కదా అని గట్టు అంచున నిలబడి చూడటం, పశువులను అటు తోలడం అస్సలు మంచిది కాదు.

అడుగు ఎంత లోతుకు పోతుంది

పాదాన్ని కాపాడాలంటే నది ఎంత లోతు తవ్వగలదో ముందు తెలియాలి. మన దేశంలో ఇంజినీర్లు ఇప్పటికీ వాడే లెక్క గెరాల్డ్ లేసీ అనే బ్రిటిష్ ఇంజినీరుది. ఉత్తర భారతంలోని ఒండ్రు నేలల కాలువలను పరిశీలించి ఆయన 1930లో ఆ సూత్రాలను ప్రచురించాడు. వాటి సారం ఇది: తన ఇసుకలో తాను పారే నది, వరద పరిమాణాన్ని బట్టి ఒక వెడల్పునూ ఒక లోతునూ తనే ఏర్పరచుకుంటుంది. వెడల్పు వరద వర్గమూలాన్ని బట్టి, లోతు ఘనమూలాన్ని బట్టి ఉంటాయి.

లెక్క కోసం 35,000 క్యూసెక్కుల వరద అనుకుందాం. అంటే సెకనుకు సుమారు 1,000 ఘనపు మీటర్లు. అడుగున 0.3 మిల్లీమీటర్ల ఇసుక ఉంటే, లేసీ ప్రకారం ఆ నదికి కావలసిన వెడల్పు దాదాపు 150 మీటర్లు, వరద మట్టం నుంచి కోత లోతు సుమారు 4.8 మీటర్లు. ఇది తిన్నగా పారే చోట. గట్టి మలుపులో ఆ లోతును 1.75తో హెచ్చించాలని నియమం. అప్పుడు 8 మీటర్లు దాటుతుంది. వరద మట్టం నుంచి నాలుగైదు మీటర్లలో నది అడుగు ఉందని నమ్మి కట్టిన పునాది, మలుపులో ఇంకో మూడు నాలుగు మీటర్లు గాలిలో తేలిపోతుందన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. వరద ఉచ్చస్థితిలో తవ్విన ఆ గొయ్యిని, వరద తీసేటప్పుడు నది తనే ఇసుకతో నింపేస్తుంది. వేసవిలో వెళ్లి చూస్తే చదునుగా, ప్రశాంతంగా ఇసుక పరుచుకుని ఉంటుంది. ఆ మట్టాన్నే అడుగు అనుకుని ఎస్టిమేట్ వేస్తే తప్పు అక్కడే మొదలవుతుంది. లేసీ సూత్రాలకూ హద్దులున్నాయి. అవి ఇసుక నదులకు సరిపోతాయి. పాడేరు, అనంతగిరి వైపు బండరాళ్ల మీద ఉరికే గెడ్డలకు, అంటే వాగులకు, అవి పనికిరావు. అక్కడ రాతి పొర ఎంత లోతులో ఉందో తవ్వి చూసుకోవాల్సిందే.

రాయి నిలవాలంటే

రాతి కట్టడాన్ని మన అధికారులు రివిట్‌మెంట్ అంటారు, మేస్త్రీలు పిచింగ్ అంటారు. వాలును ఒక నిలువుకు రెండు అడ్డం చొప్పున సరిచేసి రాయి పరుస్తారు. రాయి ఎంత పెద్దది ఉండాలన్నది నీటి వేగాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ మన ఊహకు అందని సంగతి ఒకటుంది. కావలసిన రాయి బరువు, వేగానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బరువు 64 రెట్లు కావాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 14262లోని సూత్రం ప్రకారం పైన చెప్పిన వాలు మీద సెకనుకు 2 మీటర్ల వేగాన్ని తట్టుకోవడానికి సుమారు 2 కిలోల రాయి చాలు. 4 మీటర్ల వేగానికి సుమారు 125 కిలోల రాయి కావాలి. నది కాస్త ఇరుకైన చోట, వంతెన దగ్గర, మలుపులో వేగం ఇట్టే పెరుగుతుంది. తిన్నని గట్టుకు సరిపోయిన రాయే పక్క మలుపులో కొట్టుకుపోవడం వెనక ఉన్నది ఈ ఆరో ఘాతమే.

రాయి వెనక ఉండే పొర గురించి ఎవరూ మాట్లాడరు, అది కంటికి కనపడదు కాబట్టి. రాళ్ల సందుల్లోంచి గట్టు మట్టి నెమ్మదిగా నీటితో కారిపోతుంటే, కొన్నాళ్లకు రాళ్ల వెనక బోలు పడి వాలు మొత్తం కుంగుతుంది. అందుకే మట్టికీ రాయికీ మధ్య ఫిల్టర్ పొర వేయాలి. ముందు ముతక ఇసుక, దాని మీద కంకర వేసే పద్ధతి పాతది. రేణువుల సైజులు ఎలా ఎంచుకోవాలో మట్టి ఇంజినీరింగ్ నిపుణుడు కార్ల్ టెర్జాగీ చెప్పిన నియమాలు ఇప్పటికీ ఆధారం. ఇప్పుడు ఎక్కువగా జియోటెక్స్‌టైల్ బట్ట పరుస్తున్నారు. అది నీటిని వదులుతుంది, మట్టిని ఆపుతుంది. వరద తీసేటప్పుడు గట్టులోని నీరు బయటికి రావడానికి కూడా ఇదే దారి. సందుల్లేకుండా సిమెంటు పూసేస్తే చూడటానికి బాగుంటుంది కానీ లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. అలాంటి చోట నీరు వదిలే రంధ్రాలు తప్పనిసరి.

ఇక పాదం. వరదలో పది అడుగుల లోతు నీటి కింద పునాది కట్టడం కుదరదు. ఈ సమస్యకు పరిష్కారం పందొమ్మిదో శతాబ్దం చివర పంజాబ్ నదుల మీద రైలు వంతెనలు కట్టినప్పుడు బాగా రూపుదిద్దుకుంది. జె.ఆర్. బెల్ అనే ఇంజినీరు వంతెనకు రెండు వైపులా నదిని అదుపులో ఉంచే గైడ్ బండ్లు కట్టాడు. తర్వాత ఫ్రాన్సిస్ స్ప్రింగ్ 1903లో ఆ పద్ధతికి కొలతలు, నియమాలు సమకూర్చాడు. అందులో కీలకమైనది లాంచింగ్ ఏప్రన్. వేసవిలో నది ఎండినప్పుడు, గట్టు పాదం నుంచి నదిలోకి నేల మీద అడ్డంగా వదులు రాళ్ల పరుపు వేస్తారు. వరదలో నది పాదాన్ని తవ్వడం మొదలుపెట్టగానే ఆ పరుపు అంచు రాళ్లు ఒక్కొక్కటే గోతిలోకి దొర్లుతాయి. గొయ్యి లోతు పెరిగేకొద్దీ ఇంకొన్ని దిగుతాయి. చివరికి నది తవ్విన వాలు మీద తమంతట తామే రాతి కవచంగా పరుచుకుంటాయి. అక్కడితో కోత ఆగుతుంది. నది తవ్వే శక్తినే రాళ్లను దించే కూలీగా వాడుకునే ఈ ఆలోచన నాకు ఎప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఏప్రన్ వెడల్పు, ఊహించిన అదనపు కోత లోతుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన పై లెక్కలో నాలుగు మీటర్ల అదనపు కోతకు ఆరు మీటర్ల వెడల్పు పరుపు. దాని మందం, వాలు మీది రాయి మందానికి సగటున రెండింతలకు దగ్గరగా ఉండాలి. అంటే పాదానికి పట్టే రాయి పై వాలుకు పట్టే రాయి కన్నా ఎక్కువయ్యే సందర్భాలే ఎక్కువ. మొదటి వరద తర్వాత అది నీటి కింద మాయమైపోతుంది కూడా. బడ్జెట్ తగ్గించాలంటే కోత పడేది సాధారణంగా ఈ పద్దు మీదే. గట్టు మీద నడిచే వాళ్లకు ఏమీ తేడా తెలియదు. నదికి మాత్రం తెలుస్తుంది.

పెద్ద రాయి దొరకని చోట గేబియన్లు వాడతారు. ఇవి చిన్న రాళ్లు నింపిన ఇనుప తీగ బుట్టలు. కింద నేల కుంగితే వంగి సర్దుకుంటాయి, సిమెంటు గోడలా పగలవు. వాటి ఆయుష్షు తీగ ఆయుష్షే. జింకు పూత, ప్లాస్టిక్ తొడుగు లేకపోతే తుప్పు పడుతుంది. భీమిలి దగ్గర గోస్తని ముఖంలో లాగా ఉప్పు నీరు తగిలే చోట ఇంకా త్వరగా పోతుంది. బండరాళ్లు దొర్లే కొండ గెడ్డల్లో తీగలు దెబ్బలకు తెగుతాయి. జియోబ్యాగులు, జియోట్యూబులు ఇసుక నింపిన గట్టి సంచులు. రాయి దూరమైన చోట, అత్యవసరంలో బాగా పనికొస్తాయి. ఎండకు చివుకుతాయి, పదునైనది తగిలితే చిరుగుతాయి. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో వేసిన జియోట్యూబ్ గోడ సముద్రం ధాటికి దెబ్బతిన్న సంగతి మనందరికీ తెలుసు.

నీటిని పక్కకు తిప్పే గ్రోయిన్లు

గట్టుకు కవచం తొడగడం ఒక దారి. ఉరవడిని గట్టు దగ్గరికి రానివ్వకపోవడం ఇంకో దారి. గట్టు నుంచి నదిలోకి పొడుచుకొచ్చే రాతి కట్టడాలను గ్రోయిన్లు లేదా స్పర్లు అంటారు. ఆయకట్టుకు నీరు మళ్లించడానికి ఏటికి అడ్డంగా కట్టే గ్రోయిన్లు వేరు, ఇవి వేరు. ఇవి ప్రవాహానికి ఎదురుగా కొద్దిగా వంగి ఉంటే నీటిని నది మధ్యకు నెడతాయి. దిగువకు వంగి ఉంటే నీటిని తమ వైపే లాక్కుంటాయి. వీటి మధ్య ఖాళీల్లో నీరు నెమ్మదించి మేట వేస్తుంది, పోయిన గట్టు కొంత తిరిగి వస్తుంది. ఒక్క గ్రోయిన్ కట్టి వదిలేస్తే కీడే ఎక్కువ. వరుసగా, పొడవుకు రెండు రెండున్నర రెట్ల దూరంలో ఉండాలి. పొడవు సాధారణంగా నది వెడల్పులో అయిదో వంతు మించకూడదు.

గ్రోయిన్ ముక్కు దగ్గర సుడి తిరిగి అతి లోతైన గొయ్యి పడుతుంది కాబట్టి అక్కడ ఏప్రన్ ఇంకా బరువుగా ఉండాలి. గట్టులోకి దాని మొదలు లోతుగా దిగకపోతే నది వెనక నుంచి చుట్టుకుని దాన్ని నది మధ్య దిబ్బగా మార్చేస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఎదుటి గట్టు. ఇటు నుంచి నెట్టిన నీరు ఎక్కడికో వెళ్లాలి. ఒక ఊరి గ్రోయిన్ ఎదుటి ఊరి పొలాన్ని తినేసే ప్రమాదం ఉంది. అందుకే గ్రోయిన్ల మీద నిర్ణయం ఒక ఊరి అర్జీతో తేలేది కాదు, పైనా కిందా కొన్ని కిలోమీటర్ల నదిని కలిపి చూడాలి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల నదుల నమూనాలు కట్టి పరీక్షించేది ఇందుకే.

పూర్తిగా అడ్డుపడని గ్రోయిన్లు కూడా ఉన్నాయి. మన దగ్గర గండి పడినప్పుడు సరుగుడు బాదులు పాతి, వాటి మధ్య తాటాకులు, కొమ్మలు కట్టి, ఇసుక బస్తాలు వేస్తారు కదా, ఆ సూత్రమే. నీరు వాటి గుండా పోతూ వేగం కోల్పోయి మోస్తున్న మట్టిని వదిలేస్తుంది. బ్రహ్మపుత్రలో మాజులీ ద్వీపం చుట్టూ కాంక్రీటు కడ్డీలతో చేసిన ముళ్లపంది ఆకారాలను ఇలాగే వరుసలుగా దించారు. నది నిండా బురద మోసుకొచ్చే చోట ఇవి తక్కువ ఖర్చుతో చక్కగా పనిచేస్తాయి. తేట నీరు వచ్చే చోట పట్టడానికి వాటికి ఏమీ ఉండదు.

గట్టు ఎత్తు పెంచితే చాలనుకునే వాళ్లకు కోసీ నది చెప్పే పాఠం గట్టిది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ తూర్పు గట్టు తెగింది. బిహార్‌లో లక్షల మంది నిరాశ్రయులయ్యారు. ఆ వ్యవస్థను కట్టింది 9.5 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకోవడానికి. ఆ రోజు నదిలో ఉన్నది సుమారు 1.5 లక్షల క్యూసెక్కులే. నీరు గట్టు మీద నుంచి పొర్లలేదు. ప్రధాన పాయ తూర్పుకు జరిగి, రోజుల తరబడి స్పర్లను కోస్తూ వచ్చి, చివరికి గట్టునే కోసింది. మన గోదావరిలో 1986 ఆగస్టు వరద వేరే రకం. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఏటిగట్లకు చాలాచోట్ల గండ్లు పడ్డాయి, ఆ తర్వాత వాటిని ఎత్తు చేసి బలోపేతం చేశారు. ఎత్తు చాలని గట్టుకు ఎత్తే మందు. పాదం కోసుకుపోతున్న గట్టు మీద ఇంకో మీటరు మట్టి పోస్తే కూలడానికి బరువు చేర్చినట్టే.

మొక్కలు ఎక్కడి వరకు

కోనసీమ లంకల్లో గట్టు కూలినప్పుడు వరసగా కొబ్బరి చెట్లు నదిలోకి ఒరిగిపోవడం చూసిన వాళ్లకు, చెట్లు గట్టును కాపాడతాయన్న మాట మీద నమ్మకం పోతుంది. అది కొబ్బరి తప్పు కాదు. దాని వేళ్లు ఎక్కువగా పై మీటరు మీటరున్నరలోనే అల్లుకుంటాయి. అయిదారు మీటర్ల గట్టును కింద కోస్తుంటే ఆ వేళ్లు ఏం పట్టుకుంటాయి? పైగా చెట్టు బరువు, గాలికి ఊగే ఊపు తోడవుతాయి.

వట్టివేరు వేరే కోవ. దాని వేళ్లు పక్కలకు కాకుండా నిలువుగా మూడు మీటర్లకు పైగా దిగుతాయి. దగ్గర దగ్గరగా వాలుకు అడ్డంగా వరసలు నాటితే వాన నీటి వేగాన్ని ఆపి మట్టిని పట్టేస్తుంది, కొన్నాళ్లు మునిగినా చావదు. ఏటి ఒడ్డున సహజంగా పెరిగే రెల్లు, జమ్ము, వావిలి, కానుగ, ఏరుమద్ది కూడా పనికొచ్చేవే. కొత్తగా సరిచేసిన వాలు మీద కొబ్బరి పీచు చాప పరిచి, దాని సందుల్లో గడ్డి నాటితే చాప చివికేలోపు గడ్డి నిలదొక్కుకుంటుంది. కొబ్బరికి కొదవలేని ఉద్దానం మనకు పక్కనే ఉంది, ఈ చాపలు మన దగ్గర ఇంకా విరివిగా వాడకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మొక్కల హద్దు కూడా చెప్పాలి. ఏడాది పొడవునా నీటిలో ఉండే పాదం దగ్గర అవి బతకవు. అందుకే కింద రాయి, పైన పచ్చదనం కలిపి చేయడం మన చిన్న నదులకు సరిపోయే పద్ధతి అని నా అభిప్రాయం. వరదను ఆపడానికి కట్టిన మట్టి కట్టల మీద మాత్రం పెద్ద చెట్లు పెంచకూడదు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన దారి నీటికి గొట్టంలా మారుతుంది. ఎలుక బొరియలు చేసే పనే అదీ చేస్తుంది.

ఇసుక కూడా గట్టులో భాగమే

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ నది అడుగు ఒక మట్టంలో ఉంటుందని నమ్మి చేసేవి. ఇసుక తవ్వకం ఆ నమ్మకాన్నే తీసేస్తుంది.

మూడు మీటర్ల ఎత్తు గట్టు నిలబడుతుంది. దాని ముందు నదిలో రెండు మీటర్ల ఇసుక తీసేస్తే అది అయిదు మీటర్ల గట్టు అయిపోతుంది, మట్టి మాత్రం అదే. ఒక ఎత్తు దాటాక ఏ మట్టీ నిలువుగా నిలవదు. తవ్విన చోటే నష్టం ఆగదు. గొయ్యి ఎగువ అంచు దగ్గర నీరు జలపాతంలా దూకి ఆ అంచును కోస్తుంది, కోత నది వెంట ఎగువకు పాకుతుంది. ఎక్కడో కిలోమీటరు కింద తవ్విన గొయ్యి, ఎగువ ఊరి గట్టునూ వంతెన స్తంభాల పునాదినీ బయటపెడుతుంది. గొయ్యిని నింపడానికి నది తన ఇసుకను అక్కడే వదిలేస్తుంది కాబట్టి, దిగువకు ఇసుక లేని నీరు వెళుతుంది. మోయడానికి ఏమీ లేని నీరు కొత్త ఇసుకను గట్టు నుంచే తీసుకుంటుంది. ఏప్రన్ వేసిన ఇంజినీరు లెక్కలో అడుగు మట్టం రెండు మీటర్లు తప్పితే, ఆ రాయి చాలదు. వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి కట్టడాలకు 500 మీటర్లలోపు ఇసుక తీయకూడదని మన రాష్ట్ర వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలు చెప్పేది ఇందుకే.

శారద విషయంలో ఇంకో సంగతి ఉంది. రైవాడ జలాశయం ఎగువ నుంచి వచ్చే ఇసుకను పట్టేస్తుంది. బొడ్డేరు మీద కోనాం, పెద్దేరు మీద పెద్దేరు జలాశయం కూడా అంతే చేస్తాయి. ఇవి మనకు అవసరమైన జలాశయాలే, నగరం రైవాడ నీళ్లు తాగుతోంది. కానీ దిగువకు కొత్తగా చేరే ఇసుక తగ్గిన నదిలో, ఉన్న ఇసుకను కూడా లారీలకు ఎత్తితే తిరిగి నిండటం కష్టం. ఆ ఇసుకలో దాగిన నీటి మీద ఊట బావులు, ఒడ్డు పొలాల బోర్లు కూడా ఆధారపడి ఉంటాయి.

ఇది పల్లెల సమస్య అనుకునే విశాఖ వాసులు ఒకసారి బీచ్ వైపు చూడాలి. మన తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి జరుపుతాయి. శారద సముద్రంలో కలిసేది నగరానికి దక్షిణాన. అలా కదిలే ఇసుకను దారిలో గంగవరం రేవు, విశాఖ ఔటర్ హార్బర్ గోడలు అడ్డుకుంటాయి. అందుకే హార్బర్ దగ్గర పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి రామకృష్ణా బీచ్‌కు పంపు చేస్తూ వస్తున్నారు. అసలు నది నుంచి వచ్చే ఇసుకే తగ్గిపోతే పంపు చేయడానికీ తక్కువే మిగులుతుంది. బీచ్ రోడ్డు అంచున గోడలు కట్టి కాపాడుకోవచ్చు అనుకుంటే, అక్కడా పాదం కథే. నిలువు గోడకు కొట్టుకున్న అల కిందికి మళ్లి గోడ ముందున్న ఇసుకను తోడేస్తుంది.

నగరంలోని గెడ్డల తీరు కూడా ఇలాంటిదే. రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టి ఇరుకు చేస్తే నీటి వేగం పెరుగుతుంది. గోడ ఉన్నంత దూరం గట్టు బాగానే ఉంటుంది, గోడ ఆగిన చోట కోత ఒక్కసారిగా మొదలవుతుంది. 35,000 క్యూసెక్కులకు 150 మీటర్ల వెడల్పు కావాలన్న లేసీ లెక్క గుర్తుంటే, అందులో సగం ఆక్రమించి మిగతా సగానికి గోడ కట్టడం ఎందుకు ఖరీదైన పనో తెలుస్తుంది. ఇరుకైన నది వెడల్పులో పోగొట్టుకున్నది లోతులో రాబట్టుకుంటుంది. నదీ గర్భంలో కట్టడాలను, సాగును నియంత్రించే చట్టం మనకు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1884లో వచ్చిన నదీ పరిరక్షణ చట్టం ఆంధ్ర ప్రాంతంలో అమల్లో ఉంది. నదికి చోటు వదలడం అన్నిటికన్నా చవకైన గట్టు రక్షణ. వీలున్న చోట కట్టను నది అంచున కాకుండా కొంత వెనక్కి జరిపి కట్టడం, మధ్య భూమిలో మునిగినా నష్టం లేని పంటలు వేసుకోవడం ఆ కోవలోవే.

పని జరుగుతున్నప్పుడు చూడాల్సినవి

మీ ఊరి దగ్గర గట్టు పని మంజూరైతే ఎస్టిమేట్ కాపీ అడగవచ్చు, సమాచార హక్కు చట్టం ఉంది. అందులో మొదట ఏప్రన్ రాయి ఎన్ని ఘనపు మీటర్లో చూడండి. అసలు ఆ పద్దే లేకపోతే పాదాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నమాట. కోత లోతు ఏ వరదకు లెక్కగట్టారో, మలుపు గుణకం వేశారో లేదో అడగండి. రాయి కింద ఫిల్టర్ వేస్తున్నప్పుడే ఫొటోలు తీసుకోండి, రాయి పరిచాక దాన్ని చూడటం కుదరదు. రాతి కట్టడం రెండు చివరలూ గట్టులోకి లోతుగా మలిచి దించారో లేదో చూడండి. మధ్యలో బలంగా ఉన్న కట్టడాలు కూడా ముందు చివర్ల దగ్గరే విప్పుకుంటాయి. పని పొడవు కోత ఉన్నంత మేరకే ఆపేశారా, మలుపు దాటి కొంత దిగువకు కూడా తీసుకెళ్లారా అన్నదీ ముఖ్యం, ఎందుకంటే మలుపులో కోత జరిగే చోటు ఏటేటా దిగువకు జరుగుతూ ఉంటుంది.

పని అయిపోయాక కూడా ఏప్రన్ మొదటి రెండు మూడు వరదల్లో కదులుతుంది, కొన్నిచోట్ల రాయి చాలక ఖాళీలు పడతాయి. అందుకే పాత పద్ధతిలో గట్టు మీద అక్కడక్కడ రిజర్వు రాయి గుట్టలుగా పేర్చి ఉంచేవారు. వరద తీశాక, డిసెంబరు జనవరి నాటికి నీరు తగ్గినప్పుడు పాదం దగ్గర లోతు కొలిచి, జారిన చోట ఆ రాయితో పూడుస్తారు. ఈ కొలతలు ఏటా ఒకే చోట, ఒకే గుర్తు నుంచి తీసి రాసిపెడితే, గట్టు కూలడానికి ఒకటి రెండేళ్ల ముందే పాదం లోతెక్కుతున్న సంగతి ఆ అంకెల్లో కనిపిస్తుంది.